కేస్ నోట్స్ నుంచి రిఫరల్ లెటర్ దాకా: ఇంగ్లీషు వర్తమాన కాలాలతో నా అనుభవం

ఇంటర్ తరువాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేస్తున్న రోజుల్లో, యూకేలో నర్సుగా నమోదు కావడానికి ఓఈటీ పరీక్ష రాయాలని నిర్ణయించుకున్నాను. ఆరోగ్యరంగంలో పనిచేసేవారి కోసమే రూపొందించిన ఇంగ్లీషు పరీక్ష అది. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ నిబంధన ప్రకారం వినడం, చదవడం, మాట్లాడటం అనే మూడు భాగాల్లో బి గ్రేడు, అంటే 500కు కనీసం 350, రాయడంలో సి ప్లస్, అంటే కనీసం 300 రావాలి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన నాకు మిగతా వాటికంటే రాయడమే కష్టమవుతుందని ముందే తెలుసు. అయితే ఆ కష్టం వైద్య పదాల్లోనో పెద్ద పెద్ద వాక్యాల్లోనో కాక, హైస్కూల్లోనే అయిపోయిందనుకున్న వర్తమాన కాలాల్లో ఎదురవుతుందని మాత్రం ఊహించలేదు.

రాత పరీక్ష 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదువుకోవడానికి మాత్రమే. మిగిలిన 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల లోపు ఒక ఉత్తరం రాయాలి. సాధారణంగా అది ఒక రోగిని మరొక నర్సుకో డాక్టరుకో అప్పగిస్తూ రాసే రిఫరల్ లెటర్. అభ్యర్థికి ఇచ్చే కేస్ నోట్స్‌లో చాలావరకు క్రియలు ఉండవు. జబ్బు పేరు, సంవత్సరం, మందు మోతాదు, రోజులు, అంతే. వాటికి క్రియను మనమే చేర్చాలి. క్రియ చేర్చడమంటే కాలాన్ని నిర్ణయించడమే.

ఇక్కడ మన వార్డుల సంగతి ఒకటి చెప్పాలి. నేను ఏళ్ల తరబడి కేస్ షీట్‌లో ఇంగ్లీషే రాశాను. కానీ ఆ ఇంగ్లీషు 'పేషెంట్ స్టేబుల్, వైటల్స్ నార్మల్, ఐవీ ఫ్లూయిడ్స్ ఆన్ ఫ్లో' అనే తీరులో క్రియ లేకుండానే సాగిపోయేది. డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్ తెలుగులోనే జరిగేది: 'నిన్నటి నుంచి జ్వరం లేదు సిస్టర్, సెలైన్ ఎక్కుతోంది, రాత్రి రెండుసార్లు మోషన్ అయింది.' అంటే కాలాన్ని చూపే పని మొత్తం తెలుగు చేసేది, పదాలను అందించే పని ఇంగ్లీషు చేసేది. రెండు పనులూ ఇంగ్లీషే చేయవలసి వచ్చినప్పుడు గానీ ఈ ఏర్పాటు నా దృష్టికి రాలేదు.

రూపాలు ఏర్పరచడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే పన్నెండు టెన్సుల పట్టిక, వి వన్ నుంచి వి ఫోర్ దాకా క్రియారూపాల వరుస మనలో చాలామందికి కంఠతా వచ్చినవే. సింపుల్ ప్రెజెంట్‌కు మూల క్రియ. హీ, షీ, ఇట్ వస్తే చివర ఎస్. కంటిన్యూయస్‌కు యామ్, ఈజ్, ఆర్ తరువాత ఐఎన్‌జీ రూపం. పర్ఫెక్ట్‌కు హ్యావ్ లేదా హ్యాజ్ తరువాత వి త్రీ. పర్ఫెక్ట్ కంటిన్యూయస్‌కు హ్యావ్ బీన్ లేదా హ్యాజ్ బీన్ తరువాత ఐఎన్‌జీ రూపం. వీటిలో నిజంగా సాధన అవసరమైనది ఆ ఒక్క ఎస్ మాత్రమే. తెలుగులో క్రియ ప్రతి పురుషకూ మారుతుంది కాబట్టి మనకు ఇది సులువు కావాలి, కానీ కాదు. మన క్రియ గౌరవాన్ని కూడా మోస్తుంది. 'ఆయన వస్తారు' అంటే మనిషి ఒక్కరే అయినా క్రియ బహువచనం. ఇంగ్లీషు ఎస్‌కు పెద్దాచిన్నా తేడా లేదు. డాక్టరుగారికీ, రోగికీ, రోగి పాదానికీ అదే ఎస్. దానికి తోడు, నామవాచకానికి ఎస్ చేరితే బహువచనం, క్రియకు ఎస్ చేరితే ఏకవచనం; 'ది నర్స్ చెక్స్', 'ది నర్సెస్ చెక్'. ప్రశ్నలోనూ వ్యతిరేకంలోనూ ఆ ఎస్ డూకు చేరి డజ్ అవుతుంది, అసలు క్రియ మళ్లీ ఒట్టి మూలరూపానికి వస్తుంది: 'హీ డజ్ నాట్ స్మోక్'. కర్తకూ క్రియకూ మధ్య నాలుగైదు మాటలు అడ్డు వచ్చినప్పుడే ఎస్ జారిపోతుంది. 'ది పెయిన్ ఇన్ బోత్ హిజ్ ఫీట్' అని మొదలుపెడితే దగ్గరలో కనిపించే ఫీట్ బహువచనం కాబట్టి చెయ్యి ఎస్ లేని క్రియ వైపు పోతుంది. కర్త పెయిన్ కదా, 'కీప్స్ హిమ్ అవేక్' అనాలి. ఉత్తరం పూర్తయ్యాక మిగిలే చివరి రెండు నిమిషాలనూ నేను ఈ ఒక్క పనికే కేటాయించుకున్నాను: ప్రతి క్రియ దగ్గర ఆగి, దాని కర్తను వెనక్కి వెతికి చూడటం.

అసలు చిక్కు ఎంపికలో ఉంది. మాకు శిక్షణ ఇచ్చిన మేడమ్ కేరళకు చెందినవారు, ఆమెకు తెలుగు రాదు. నా ఉత్తరాల్లో ఆమె క్రియల కింద మాత్రమే ఎర్ర గీతలు గీసి, పక్కన ఏమీ రాయకుండా ఇచ్చేవారు. ఎందుకు తప్పో నేనే కనిపెట్టాలి. కనుక నాతోపాటు గదిలో ఉండి అదే పరీక్షకు చదువుతున్న ఖమ్మం స్నేహితురాలూ నేనూ కలిసి, కేస్ నోట్స్‌ను ముందు తెలుగు హ్యాండోవర్‌గా చెప్పుకుని, ఆ తెలుగు క్రియ ఏ రూపంలో వచ్చిందో చూసి, దాన్నుంచి ఇంగ్లీషు కాలానికి వెళ్లే దారి వెతికాం. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చవద్దని అందరూ హితవు చెబుతారు. నా అనుభవంలో, తెలుగులో సరిగ్గా ఆలోచించడమే పనికి వచ్చింది.

సాధన కోసం మేమే కల్పించుకున్న ఒక కేసును చూపిస్తాను. రోగి 62 ఏళ్ల పురుషుడు. ఒంటరి నివాసం. ప్రస్తుతం కూతురి దగ్గర. రోజుకు 10 సిగరెట్లు. టైప్ టు డయాబెటిస్, 2014. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు. కుడి పాదం మీద పుండు, మూడు వారాలు. యాంటీబయాటిక్ కోర్సు. రెండు నెలల్లో నాలుగు కిలోల బరువు తగ్గుదల. ఈ రోజు డిశ్చార్జి. ఇంటి దగ్గర డ్రెస్సింగ్ మార్చవలసిందిగా కమ్యూనిటీ నర్సుకు ఉత్తరం రాయాలి.

మొదటి రెండు వివరాలను హ్యాండోవర్‌లో ఎలా చెబుతాం? 'ఆయన ఒంటరిగా ఉంటారు, ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నారు' అంటాం. వార్డులో ఎవరైనా వెతుక్కుంటూ వస్తే 'ఆయన ఆ చివరి బెడ్‌లో ఉన్నారు' అంటాం. ఉంటారు, ఉంటున్నారు, ఉన్నారు అనే మూడు రూపాలను తెలుగువాడు ఎక్కడా తడబడకుండా వాడతాడు. ఆ తేడానే ఇంగ్లీషు అడుగుతోంది: 'హీ లివ్స్ అలోన్', 'హీ ఈజ్ కరెంట్లీ స్టేయింగ్ విత్ హిజ్ డాటర్', 'హీ ఈజ్ ఇన్ ది లాస్ట్ బెడ్'. మొదటిది ఆయన జీవితపు ఏర్పాటు, రెండోది కొద్దికాలపు ఏర్పాటు, మూడోది ఈ క్షణపు స్థితి. కమ్యూనిటీ నర్సు ఏ ఇంటి తలుపు తట్టాలన్నది మొదటి రెండు క్రియల మీదే ఆధారపడి ఉంది.

సిగరెట్ల సంగతిలో 'రోజుకు పది తాగుతారు' అని తెలుగు. ఈ రూపంలోనే మనకు ఒక మెలిక ఉంది. 'తాగుతారు' అన్నది అలవాటునూ చెబుతుంది, రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది. పాత వ్యాకరణం ఈ రెంటినీ విడదీసింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మం అని నాలుగోది ఉంది. మూడు కాలాలకూ చెల్లే స్వభావాన్నీ అలవాటునూ చెప్పే రూపం అది. సింపుల్ ప్రెజెంట్‌ను వర్తమానం అనుకున్నంతకాలం అది 'ఇప్పుడు' జరిగేదేమో అన్న అనుమానం నన్ను వదలలేదు. దాన్ని తద్ధర్మంగా చూసిన తరువాత 'హీ స్మోక్స్ టెన్ సిగరెట్స్ ఎ డే' అని రాయడానికి వెనకాడలేదు. ఆ సమయంలో ఆయన సిగరెట్ ముట్టుకోకుండా ఆసుపత్రి మంచం మీద ఉన్నా ఆ వాక్యం నిజమే. సందేహం వచ్చిన చోట వ్యతిరేక రూపంలో చెప్పుకుని చూడటం కూడా మాకు బాగా ఉపకరించింది. 'ఆయన ఉప్పు తినరు' అన్నామంటే అది డజ్ నాట్; 'ఆయన సరిగా తినడం లేదు' అన్నామంటే అది ఈజ్ నాట్ ఈటింగ్. ఈ రెంటినీ తెలుగు ఎన్నడూ కలిపివేయదు.

మందుల దగ్గర ఇదే తేడా మళ్లీ వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఆయన ఎప్పుడూ వేసుకునే మందు: 'హీ టేక్స్ మెట్‌ఫార్మిన్ ట్వైస్ డెయిలీ'. యాంటీబయాటిక్ కోర్సు అయిపోగానే ఆగిపోయేది: 'హీ ఈజ్ టేకింగ్ ఎ కోర్స్ ఆఫ్ యాంటీబయాటిక్స్'. ఉత్తరం అందుకున్న నర్సుకు ఏ మందు ఆగుతుందో, ఏది కొనసాగుతుందో క్రియ చూడగానే తెలిసిపోతుంది.

మధుమేహం దగ్గర మా వార్డుల్లో వినిపించే వాక్యం 'పేషెంట్ ఈజ్ హ్యావింగ్ డయాబెటిస్ సిన్స్ 2014'. ఇందులో రెండు విషయాలు ముడిపడి ఉన్నాయి. మొదటిది, కలిగి ఉండటం, తెలియడం, కావలసి రావడం, ఇష్టపడటం వంటి స్థితులను చెప్పే క్రియలకు ఇంగ్లీషులో సాధారణంగా ఐఎన్‌జీ చేరదు. ఆశ్చర్యమేమిటంటే ఈ నియమం తెలుగులోనూ చాలావరకు ఉన్నదే. 'షుగర్ ఉంది', 'నాకు తెలుసు', 'నీళ్లు కావాలి', 'ఇష్టం' అంటాం. వీటిలో దేనికీ '-తున్నా' తగలదు. కనుక హ్యాజ్, నో, వాంట్, లైక్ అనే క్రియలకు తెలుగు చెవినే నమ్ముకోవచ్చు. ఆ చెవి మోసం చేసేది 'అర్థమవుతోంది', 'నమ్ముతున్నాను' వంటి చోట్ల. అక్కడ తెలుగులో '-తున్నా' ఉంది, ఇంగ్లీషులో ఐఎన్‌జీ లేదు. 'ఐ అండర్‌స్టాండ్', 'ఐ బిలీవ్' అనే అనాలి. ఈ కొద్ది క్రియలను విడిగా ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాం. హ్యావ్ కూడా తినడం, స్నానం చేయడం వంటి పనిని సూచించినప్పుడు నిస్సంకోచంగా ఐఎన్‌జీని చేర్చుకుంటుంది. 'హీ ఈజ్ హ్యావింగ్ లంచ్' అన్నది చక్కని ఇంగ్లీషు.

రెండో విషయం, 2014 నుంచి అన్న మాట. తెలుగులో 'నుంచి' ఉన్నా లేకపోయినా క్రియ మారదు: 'షుగర్ ఉంది', '2014 నుంచి షుగర్ ఉంది'. ఇంగ్లీషులో ఆ ఒక్క మాట చేరగానే క్రియ వెనక్కి చెయ్యి చాచి గతాన్ని పట్టుకోవాలి. 'హీ హ్యాజ్ డయాబెటిస్' కాస్తా 'హీ హ్యాజ్ హ్యాడ్ డయాబెటిస్ సిన్స్ 2014' అవుతుంది. హ్యాజ్ పక్కన హ్యాడ్ రావడం మొదట్లో నా కంటికి అచ్చుతప్పులా కనిపించేది. ఒకటి సహాయక క్రియ, రెండోది హ్యావ్‌కు వి త్రీ అని తెలిసినా చేతికి అలవాటు కావడానికి కాలం పట్టింది. మేము పెట్టుకున్న లెక్క ఇది: తెలుగులో 'నుంచి'తో పాటు 'ఉంది' వస్తే హ్యాజ్ హ్యాడ్ లేదా హ్యాజ్ బీన్, 'నుంచి'తో పాటు '-తున్నా' వస్తే హ్యాజ్ బీన్ తరువాత ఐఎన్‌జీ. 'మూడు వారాల నుంచి పుండు ఉంది' అంటే 'హీ హ్యాజ్ హ్యాడ్ ఎన్ అల్సర్'. 'మూడు వారాల నుంచి కట్టు కట్టించుకుంటూ కుంటుతున్నారు' అంటే 'హీ హ్యాజ్ బీన్ లింపింగ్'. అర్థమవడం, నమ్మడం లాంటి క్రియలు ఇక్కడ కూడా ఈ లెక్కకు లొంగవు.

సిన్స్, ఫర్ అనేవాటి మధ్య తేడాను ప్రతి వ్యాకరణ పుస్తకమూ చెబుతుంది: మొదలైన బిందువుకు సిన్స్, గడిచిన నిడివికి ఫర్. తెలుగు 'నుంచి' రెంటికీ చెల్లుతుంది కాబట్టి పరీక్ష తొందరలో అది గుర్తుకురాదు. నా స్నేహితురాలు దీనికి కనిపెట్టిన కిటుకు నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడమంది. 'మూడు వారాలుగా' అనవచ్చు, కాబట్టి 'ఫర్ త్రీ వీక్స్'. 'సోమవారంగా' అనలేము, కాబట్టి 'సిన్స్ మండే'. 'చాలాకాలంగా' అంటాం, అది ఫర్. 'చిన్నప్పటినుంచి' అనే అంటాం, అది సిన్స్. నాకు తెలిసినంతలో ఈ కిటుకు ఎక్కడా తప్పలేదు.

బరువు తగ్గుదల ఒక్కటే తెలుగు సాయం చేయని చోటు. 'నాలుగు కిలోలు తగ్గారు' అన్న రూపం గడిచిపోయినదానికీ, గడిచి ఇంకా ప్రభావం చూపుతున్నదానికీ ఒకటే. 'తగ్గలేదు' అని వ్యతిరేకంలో చెప్పుకున్నా తేడా తేలదు. ఇక్కడ తేదీ మీద కన్ను వేయవలసిందే. 'గత రెండు నెలల్లో' అన్నది ఈ రోజు దాకా తెరిచి ఉన్న గడువు కాబట్టి 'హీ హ్యాజ్ లాస్ట్ ఫోర్ కిలోగ్రామ్స్ ఇన్ ది పాస్ట్ టూ మంత్స్'. అదే కేసులో '2019లో ఆపరేషన్' అని ఉంటే ఆ సంవత్సరం మూసుకుపోయింది, హ్యాజ్‌కు అక్కడ చోటు లేదు, 'హీ హ్యాడ్ సర్జరీ ఇన్ 2019' అనాలి. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అనే మన దేశపు వాడుక అక్కడ పనికిరాదు; నిన్న అన్న మాట చెబితే హ్యావ్ పోవాలి, హ్యావ్ ఉంచుకోవాలంటే నిన్న అన్న మాట వదులుకోవాలి.

మిగిలింది డిశ్చార్జి. 'హీ ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్‌డ్ టుడే' అన్నది కంటిన్యూయస్‌కు కర్మణి రూపం. తెలుగులో కర్మణి ప్రయోగం కృతకంగా ఉంటుంది కాబట్టి మనం 'ఈ రోజు డిశ్చార్జి చేస్తున్నాం' అంటాం. ఎవరు చేస్తున్నారన్నది ఆ ఉత్తరానికి అవసరం లేదు కనుక ఇంగ్లీషు 'మేము'ను దాచేస్తుంది. నిర్ణయమైపోయిన రేపటి పనికి కూడా కంటిన్యూయస్‌నే వాడవచ్చు: 'హీ ఈజ్ సీయింగ్ ది డయటీషియన్ ఆన్ ఫ్రైడే'. తెలుగులోనూ 'శుక్రవారం కలుస్తున్నారు' అంటాం గదా, ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు.

మాట్లాడే పరీక్షలో ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాల చొప్పున రెండు రోల్‌ప్లేలు ఉంటాయి. ఎదుట కూర్చున్నవారు రోగిగా నటిస్తారు, మనం నర్సుగా మాట్లాడాలి. రాతలో చక్కబడిన కాలాలు నోటిలో మళ్లీ పాత దారి పట్టాయి. 'ఎన్ని రోజుల నుంచి నొప్పి ఉంది?' అన్నది మనం రోజుకు వందసార్లు అడిగే ప్రశ్న; అది 'ఫ్రమ్ హౌ మెనీ డేస్ యూ ఆర్ హ్యావింగ్ పెయిన్' అని దానంతట అదే బయటికి వస్తుంది. దాని స్థానంలో 'హౌ లాంగ్ హ్యావ్ యూ హ్యాడ్ దిస్ పెయిన్?' అన్న వాక్యాన్ని మంత్రంలా వల్లె వేయడం తప్ప మార్గం లేకపోయింది. అక్కడ విశ్లేషణకు సమయం ఉండదు. సిగరెట్ల గురించి అడిగేటప్పుడు 'డూ యూ స్మోక్?' అనాలి. 'ఆర్ యూ స్మోకింగ్?' అంటే ఇప్పుడు తాగుతున్నారా అని నిలదీసినట్లు వినిపించవచ్చు.

రోగికి జాగ్రత్తలు చెప్పేటప్పుడు మరొకటి ఎదురైంది. 'నొప్పి ఎక్కువైతే ఫోన్ చేయండి', 'పుండు మానేవరకు తడపకండి' అనే తెలుగు వాక్యాల్లో 'ఎక్కువైతే', 'మానే' అన్నవాటికి కాలమే లేదు. జరగబోయేది కాబట్టి విల్ పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఇఫ్, వెన్, అన్‌టిల్ తరువాత భవిష్యత్తుకు కూడా సింపుల్ ప్రెజెంటే: 'ఇఫ్ ది పెయిన్ గెట్స్ వర్స్', 'అన్‌టిల్ ది వూండ్ హీల్స్'. ఇక్కడ కూడా ఆ పాత ఎస్ కాచుకునే ఉంటుంది.

కావలసిన గ్రేడ్లు వచ్చి, యూకేలో వార్డులో చేరిన తరువాత తెలిసినదేమిటంటే, పరీక్షలో పూర్తిగా రాసిన ఈజ్, హ్యాజ్ రెండూ అక్కడి హ్యాండోవర్‌లో ఒకే జ్ శబ్దంగా కుదించుకుపోతాయని. 'షీజ్ ఈటింగ్' అంటే ఈజ్. 'షీజ్ ఈటెన్' అంటే హ్యాజ్. 'షీజ్ హ్యాడ్ హర్ టాబ్లెట్స్' అంటే మందులు వేసుకోవడం అయిపోయింది, 'హీజ్ నాట్ బీన్ డ్రింకింగ్ మచ్' అంటే కొద్ది గంటలుగానో కొద్ది రోజులుగానో నీళ్లు సరిగా తాగడం లేదు. మన 'మోషన్ అయిందా?' అన్న ప్రశ్న అక్కడ 'హ్యాజ్ హీ హ్యాడ్ హిజ్ బవెల్స్ ఓపెన్?' అవుతుంది. జ్ తరువాత వచ్చే క్రియ రూపం విన్నాక గానీ అది ఏ కాలమో తేలదు కాబట్టి, వాక్యం చివరిదాకా విని రాసుకోవడం అలవాటు చేసుకున్నాను.

వీటన్నింటిలో పొరపాటుకు ఆస్కారం ఎక్కువగా ఉన్న జంట బీన్, గాన్. 'హీజ్ బీన్ టు ఎక్స్‌రే' అంటే ఎక్స్‌రేకు వెళ్లి వచ్చేశారు. 'హీజ్ గాన్ టు ఎక్స్‌రే' అంటే వెళ్లారు, ఇంకా రాలేదు. తెలుగులో మనం 'వెళ్లొచ్చారు', 'వెళ్లారు' అని రెండు క్రియలతో చూపే తేడా ఇది. గాన్ అని వింటే నా కాగితంలో ఆ బెడ్ నంబరు పక్కన ఇవ్వవలసిన మందుల పేర్లు రాసుకుని, ఆయన తిరిగి వచ్చారో లేదో చూడటానికి ఒక గుర్తు పెట్టుకుంటాను. బీన్ అని వింటే నేరుగా మందుల ట్రాలీతో ఆ బెడ్ దగ్గరికి వెళ్తాను.